ఎనిమిదో ఉరుము పాట

గోరింకకి అసలు పేరు వేరే ఉంది కానీ ఇంట్లో ఎవరూ ఆ పేరుతో పిలిచేవారు కాదు. మాటలు వచ్చిన రోజు నుంచి నోరు మూసింది లేదు కాబట్టి నాన్నమ్మ అలా పిలవడం మొదలుపెట్టింది, అదే స్థిరపడిపోయింది. అంత వాగుడుకాయకీ ఒక్క ఉరుము వినిపిస్తే చాలు, మాట పడిపోయేది. పియానో కింద దూరి, మోకాళ్ళ మధ్య తల దాచుకుని కూర్చునేది. అప్పటికి దానికి నాలుగేళ్ళు. బయటికి లాగితే ఒళ్ళంతా జ్వరం వచ్చినట్టు వణికేది.

ఆ పియానో వాళ్ళ నాన్న చేసిందే. ఆయన పియానోలు శ్రుతి చేసే మనిషి. తోలు సంచీ భుజాన వేసుకుని ఇళ్ళకీ, స్కూళ్ళకీ, కచేరీ హాళ్ళకీ వెళ్ళి, ఒక్కో తీగనీ బిగిస్తూ సడలిస్తూ గంటలకొద్దీ కూర్చునేవాడు. ఎవరో పారేస్తామన్న రెండు విరిగిన పియానోల్ని ఇంటికి మోయించుకొచ్చి, దీని కాళ్ళు దానికి, దాని వాయించే మెట్లు దీనికి అతికించి ఒక్కటి చేశాడు. ఒక పక్క నలుపు, ఒక పక్క గోధుమరంగు. "రెండో పెళ్ళి సంసారంలా ఉందిరా ఇది. ఎవరి పోలికలు వాళ్ళవే" అనేది నాన్నమ్మ.

వాయించేది మాత్రం గోరింక అమ్మ. ఆవిడ నాలుగు వీధుల అవతల ఉన్న స్కూల్లో పాటల టీచర్. ఎండ కాసే రోజుల్లో ఆవిడకి ఒక్క పాట కూడా తోచేది కాదు. మబ్బు పట్టి గాలి మారిందంటే, చేస్తున్న పని ఎక్కడిదక్కడ వదిలేసి కిటికీ దగ్గర చేరేది. సైకిల్ షెడ్డు రేకుల మీద వాన ఒకలా పడుతుంది, పక్కింటి టార్పాలిన్ మీద ఒకలా, వీధిలో ఆగి ఉన్న కారు మీద ఇంకోలా. చెవి అటూ ఇటూ తిప్పుతూ అన్నీ వినేది. వింటూ వింటూనే పెన్సిలు కోసం తడుముకునేది. అలా స్టవ్ మీద పాలు పొంగిపోయిన రోజులకి లెక్కలేదు.

"మీ ఆవిడకి వానొస్తే మనకి టీ లేనట్టే" అని అత్తగారు కొడుకుతో అనేది.

భర్త నవ్వేవాడు. వాన సంగతి ఆయనకి ఇంకోలా తెలిసేది. గాలిలో తేమ పెరిగితే పియానో చెక్క ఉబ్బుతుంది, తీగ బిగుస్తుంది, స్వరం కాస్త పైకి జరుగుతుంది. "రేపు నీకు పాట వస్తుంది. మెట్లన్నీ ఇవాళే పైకెక్కి కూర్చున్నాయి" అని ముందే చెప్పేవాడు భార్యకి.

ఒక మధ్యాహ్నం దూరంగా ఉరిమింది. గోరింక పియానో కిందికి దూరింది. అమ్మ దాన్ని బయటికి లాగలేదు. స్టూలు మీద కూర్చుని ఎడమ చేత్తో అన్నిటికన్నా కింది మెట్లు నొక్కుతూ, ఆ ఉరుము ఎలా దొర్లిందో అలాగే దొర్లించింది.

"విన్నావా? పైవాటా తాతగారు బీరువా జరుపుతున్నారు."

కాసేపటికి కిందనుంచి గొంతు వచ్చింది. "మనకి పైవాటా లేదుగా."

"అందుకే అంత దూరంగా వినిపిస్తోంది."

పిల్ల ఆలోచించింది. "బీరువా ఎందుకూ జరపడం?"

"కళ్ళజోడు వెనక పడిపోయిందిట."

ఇంకోసారి ఉరిమితే గోరింక తల బయటపెట్టి, "దొరికిందా?" అని అడిగింది. మొదటి పాట అలా పుట్టింది.

*పైవాటా తాతా, పైవాటా తాతా,*
*బీరువా ఎందుకు జరిపావు?*
*కిందికి జారిన కళ్ళజోడు*
*దొరికిందా లేదా తాతా?*

ఆ వానాకాలం అయిపోయేసరికి ఏడు పాటలయ్యాయి. పటపటమని చీలినట్టు వచ్చే ఉరుము గుడ్డలు చింపే పిన్ని. ఒకటి ఆగకముందే ఇంకొకటి అందుకునేవి మెట్లు దిగుతున్న కవలలు. నెత్తిమీదే పడ్డట్టు ధనామని మోగేది తలుపేసే అత్త. గోరింకకి అన్నిటికన్నా ఇష్టమైన పాట అదే.

*తలుపేసే అత్తకి కోపమెందుకో*
*గడియనే అడగాలి, గుమ్మమే చెప్పాలి.*
*భయమేల మనకి, బయటే ఉన్నాం,*
*ఇంకోసారి వెయ్యి అత్తా, ఇంకోసారి వెయ్యి!*

"ఆ అత్త ఎవరో నాకు తెలుసులే" అంది నాన్నమ్మ. అందరూ పగలబడి నవ్వారు. తర్వాత వంటింట్లో ఇద్దరే ఉన్నప్పుడు కోడలితో ఇంకో మాట కూడా అంది. "పిల్ల ఏడుపు మాన్పించావు, మంచిదే. కానీ కాస్త భయం ఉంచమ్మాయ్. మొత్తం తీసెయ్యకు."

"భయమేమన్నా ఉప్పా అత్తయ్యా, చిటికెడు ఉంచడానికి?" అంది కోడలు. ఆ మాటకి తనే నవ్వుకుంది కూడా.

పాటలు స్కూల్లో పాడించింది. హెడ్ మేడమ్‌కి నచ్చి చిన్న పుస్తకంగా అచ్చు వేయించింది. ఇంకో స్కూలు వాళ్ళు అడిగారు, వాళ్ళని చూసి ఇంకో నలుగురు. రేడియోలో పిల్లల కార్యక్రమంలో వచ్చాయి. ఊరూ పేరూ తెలియని అమ్మలు ఉత్తరాలు రాశారు. మా వాడు ఇప్పుడు ఉరుముకి దుప్పటి కప్పుకోవడం లేదండీ, కిటికీ దగ్గరికి వెళ్ళి తాతగారిని పలకరిస్తున్నాడు అని. పాటల టీచర్ ఆ ఉత్తరాలన్నీ పియానో మూత కింద పెట్టుకుంది. జీవితంలో ఒక్క పనైనా సరిగ్గా చేశానని ఆ రోజుల్లో అనుకునేది.

అయిదేళ్ళు గడిచాయి. తొమ్మిదేళ్ళ గోరింక మబ్బు కమ్మితే డాబా మీదికి పరిగెత్తేది. కొన్నిసార్లు అమ్మ కిందికి రమ్మని కేకేసేది. కొన్నిసార్లు తనే పైకెళ్ళి దాని పక్కన నిలబడేది.

ఆ రోజు స్కూలు వదిలాక, సాయంత్రం నాలుగు దాటింది. పాటల టీచర్ రెండో అంతస్తులో సంగీతం గదిలో ఉంది. పిల్లలు కింద గ్రౌండులో ఆడుకుంటున్నారు. గోరింక రోజూ అమ్మ పని అయ్యేదాకా అక్కడే ఆడుకుని అమ్మతో కలిసి ఇంటికి వెళ్ళేది. పడమటివైపు నుంచి మబ్బు లేచింది. వాన చుక్క ఇంకా పడలేదు. టీచర్ కిటికీ తలుపులు తెరిచి, నోటుబుక్కు తీసింది. కింద ఆటల టీచర్ విజిల్ ఊదడం వినిపించింది. పిల్లల్ని లోపలికి పిలుస్తున్నాడులే అనుకుంది. దూరంగా ఉరిమింది. "నాలుగు దెబ్బలు, తర్వాత జారుడు" అని రాసుకుంది. ఇంకోటి కొంచెం దగ్గరగా. అదీ రాసుకుంది.

తర్వాత గది మొత్తం తెల్లగా అయింది. ఆ తెలుపులోనే ఉరిమింది. మెరుపుకీ ఉరుముకీ మధ్య సందు లేదు. కిటికీ అద్దాలు అదిరాయి. గదిలో ఉన్న పియానో తీగలు ఎవరూ ముట్టుకోకుండానే అన్నీ ఒక్కసారిగా మోగి, చాలాసేపు మోగుతూనే ఉన్నాయి. అలాంటిది ఆవిడ పుట్టి బుద్ధెరిగాక వినలేదు. ఒళ్ళు జలదరించింది. వెంటనే రాసుకుంది. "దెబ్బ ముందు, వెనకాల తీగలన్నీ. చాలా బాగుంది."

కింద పిల్లలు అరుస్తున్నారు. పెద్ద ఉరుము వస్తే పిల్లలు అరవడం మామూలే. ఆవిడ నవ్వుకుంది. అంతలో మెట్ల మీద ఆటల టీచర్ బూట్ల చప్పుడు వినిపించింది.

ఆస్పత్రి వరండాలో హెడ్ మేడమ్ ముందు గోరింక స్నేహితురాలు నిలబడి ఉంది. ఎప్పుడూ రెండు జడలు వేసుకుని వచ్చే పిల్ల. ఒక జడ ఊడిపోయి ఉంది. పాటల టీచర్ వెనక బెంచీ మీద ఉండడం ఆ పిల్ల చూడలేదు.

"విజిల్ వేస్తే అందరం వచ్చేశాం మేడమ్. అది రాలేదు. మేం చాలాసార్లు పిలిచాం. 'ఇది తలుపేసే అత్త వచ్చే టైమే, నాకు తెలుసు' అంది. గ్రౌండు మధ్యలో నిలబడి ఇలా చేతులెత్తి 'ఇంకోసారి వెయ్యి' అని పాడింది."

చెయ్యెత్తి చూపించింది. హెడ్ మేడమ్ ఆ చేతిని పట్టుకుని మెల్లిగా కిందికి దించింది.

డాక్టరు బయటికి వచ్చి తల్లిదండ్రులతో అన్నాడు. "పాపకి ఏమీ తెలిసి ఉండదు. నొప్పి తెలిసేంత వ్యవధి కూడా ఉండదు." తండ్రి తలూపాడు. తల్లి డాక్టరుతో, "వ్యవధి లేదు, నిజమే. నేను విన్నాను" అంది. ఆవిడ ఏమంటోందో డాక్టరుకి అర్థం కాలేదు.

నెల తర్వాత ఆవిడ హెడ్ మేడమ్ దగ్గరికి వెళ్ళి, పుస్తకాలన్నీ వెనక్కి ఇప్పించమని అడిగింది. మేడమ్ ఎందుకని అడగలేదు. తరగతి తరగతికీ తిరిగి తనే పోగు చేసింది. పాటల టీచర్ మిగతా స్కూళ్ళకీ, రేడియోకీ ఉత్తరాలు రాసింది. దయచేసి ఈ పాటలు ఇక పాడించవద్దు, నేను వెనక్కి తీసుకుంటున్నాను అని. చాలామంది పుస్తకాలు పంపేశారు. రెండు గోనెసంచులయ్యాయి. ఒక స్కూలు వాళ్ళు మాత్రం పుస్తకాలతోపాటు ఒక చీటీ పెట్టారు. "పంపుతున్నాం అమ్మా. కానీ పిల్లలకి నోటికి వచ్చేశాయి. అవెలా పంపమంటారు?"

ఆవిడ పియానో మూత వేసేసింది. స్కూల్లో పాటల బదులు చేతిరాత, లెక్కలు చెబుతానంది. ఇంట్లో, ఆకాశం మూలిగితే చాలు, స్నానాల గదిలోకి వెళ్ళి గడియ పెట్టుకుని, రెండు కుళాయిలూ పూర్తిగా తిప్పి బకెట్లోకి వదిలేది. బకెట్టు నిండి పొర్లిపోతూ ఉండేది. ఉరుములు ఆగాక అత్తగారు తలుపు కొట్టి, "అయిపోయిందమ్మాయ్" అనేది. అంతకు మించి ఒక్క మాట అనేది కాదు.

భర్తకి పని మానే వీలు లేదు. శ్రుతి చేయడం అయిపోయాక ఏ ఇంట్లోనైనా పిల్లల్ని పిలిచి, ఏదో ఒకటి వాయించి చూడమంటారు. పిల్లలు వచ్చి కూర్చుని, తమకి వచ్చిందేదో అది వాయిస్తారు. చాలా ఇళ్ళలో అది పైవాటా తాత. ఆయన సంచీలో శ్రుతిదండం, గుడ్డముక్కలూ సర్దుకుంటూ చివరిదాకా వినేవాడు. బాగా వాయించావమ్మా అనేవాడు. ఒక ఇంట్లో ఒక పాప తలుపేసే అత్త వాయించింది. ఆయన చెప్పులేసుకుని, ఒక అంతస్తు దిగి, మెట్ల మీద కూర్చుండిపోయాడు. పైకి వెళ్తున్న పోస్టుమాన్ ఒంట్లో బాగాలేదా అని అడిగితే, కాలు బెణికిందన్నాడు. ఇవేవీ ఇంట్లో చెప్పలేదు.

ఒక ఆదివారం పొద్దున ఆవిడ నోటుబుక్కు తెచ్చి ఆయన ముందు పెట్టింది.

"చదవండి. ఆఖరి పేజీ."

ఆయన చదివాడు. పైన తేదీ ఉంది. పక్కన టైము ఉంది. కింద ఆ రెండు వాక్యాలు ఉన్నాయి.

"నా కూతురు పోయిన ఉరుముని నేను మెచ్చుకున్నానండీ" అంది ఆవిడ. "అది మన పిల్లని చంపుతున్నప్పుడు విని, బాగుందని రాసుకున్నాను. నవ్వాను కూడా. ఇదెవరికీ చెప్పలేదు."

ఆయన నోటుబుక్కు మూయకుండానే పక్కన పెట్టాడు.

"నేను ఆ టైముకి స్టేషను పక్కింట్లో ఉన్నాను. ఒక తీగ కుదరడం లేదు. పొద్దుటి నుంచీ దాంతోనే పెనుగులాట. సరిగ్గా కుదురుతోంది అనుకుంటుండగా ఆ ఉరుము వచ్చింది. తీగ వినపడకుండా చేసింది. నేను దాన్ని తిట్టాను. 'దిక్కుమాలిన ఉరుము, ఇప్పుడే రావాలా' అన్నాను. పైకే అన్నాను, ఆ ఇంటావిడ విన్నది."

ఆవిడ ఆయన ముఖంలోకి చూసింది.

"ఇద్దరం విన్నాం" అన్నాడాయన. "నువ్వు మెచ్చుకున్నావు, నేను విసుక్కున్నాను. ఇద్దరిలో ఒక్కరికీ తెలియలేదు."

ఆ పిల్ల పోయాక వాళ్ళిద్దరూ ఒకరి ముందు ఒకరు ఏడవడం అదే మొదలు. వంటింట్లో అత్తగారు స్టవ్ కట్టేసి, చప్పుడు చేయకుండా వెనక గుమ్మం మీద కూర్చుంది.

ఆ సాయంత్రమే ఆవిడ అత్తగారి దగ్గరికి వెళ్ళి కూర్చుంది. ముసలావిడ ఉతికిన బట్టలు మడత పెడుతోంది.

"అత్తయ్యా, ఆ మాట అనేయండి. ఎన్నాళ్ళని దాచుకుంటారు?"

"ఏ మాట?"

"పిల్లకి కాస్త భయం ఉంచమని చెప్పారు. నేను నవ్వాను."

అత్తగారు దిండుగలీబు మడిచి, మళ్ళీ విప్పి, మళ్ళీ మడిచింది. "రోజుకి వంద అంటాన్నేను. స్టవ్ పేలుతుందన్నాను, పేలలేదు. మెట్ల మీద నుంచి మీ ఆయన పడతాడన్నాను, పడలేదు. వందలో ఒకటి నిజమైతే అందుకు చంకలు గుద్దుకోవాలా?"

కోడలు కుప్పలోంచి ఒక తువ్వాలు తీసి మడవసాగింది.

"నీ మొగుడు చిన్నప్పుడు ఉరుముకి ఏడిస్తే నేనేం చేసేదాన్నో తెలుసా? వీపు మీద రెండు వేసి నోరు మూయించేదాన్ని. నాకు అంతే తెలుసు. నువ్వు పియానో ముందు కూర్చుని అలా వాయిస్తుంటే వంటింట్లోంచి విని, వాణ్ణి కొట్టిన దెబ్బలన్నీ గుర్తొచ్చాయి నాకు. ఆ కుళ్ళుతోనే ఆ మాట అన్నానేమో కూడా." గలీబు పక్కన పెట్టేసింది. "దానికి నువ్వు ఇచ్చింది మంచిదే అమ్మాయ్. సగం ఇచ్చావు. మిగతా సగం ఇచ్చేలోపు అది వెళ్ళిపోయింది."

మళ్ళీ వానలు వచ్చాయి.

మొదటి పెద్ద వాన మధ్యాహ్నం రెండింటికి వచ్చింది. ఒకటో తరగతి టీచర్ రాలేదని పాటల టీచర్‌ని ఆ గదికి పంపారు. పలకల మీద అంకెలు రాయిస్తోంది. కిటికీల్లో వెలుతురు తగ్గింది. మొదటి ఉరుము వినగానే ఆవిడ కుర్చీ వెనక్కి తోసి లేచింది. స్కూల్లో అలాంటప్పుడు ఆవిడ స్టోరు గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంటుందని, ఇంకో టీచర్ వచ్చి తరగతి చూసుకుంటుందని అందరికీ తెలుసు. కానీ ఆ రోజు పిలవడానికి వరండాలో ఎవరూ లేరు. ముప్ఫై మంది పిల్లలు పలకలు ఒళ్ళో పెట్టుకుని ఆవిడనే చూస్తున్నారు. ఎవరూ పాడడం లేదు. ఆవిడ ముందు ఆ పాటలు పాడకూడదని ఎవరో చెప్పి ఉంచారు.

ముందు వరసలో పళ్ళూడిన పిల్ల చెయ్యెత్తింది. పెదవులు వణుకుతున్నాయి.

"టీచర్, తాత పాట పాడుకోవచ్చా? మెల్లిగా. మీకు వినపడకుండా."

అంతలో వెనక బెంచీ నుంచి ఇద్దరు పిల్లలు జారుకుని తలుపు దాకా వెళ్ళడం కనిపించింది. ఒకడు అప్పటికే ఒక కాలు వరండాలో పెట్టాడు. ముఖం వెలిగిపోతోంది. అత్త వస్తోంది, అత్త వస్తోంది అని రెండోవాణ్ణి లాగుతున్నాడు.

ఆవిడ ఎలా వెళ్ళిందో తెలియదు. ఇద్దరి జబ్బలూ పట్టుకుని లోపలికి లాగి, తలుపు వేసి, తలుపుకి ఆనుకుని కింద కూర్చుండిపోయింది. పిల్లలకి జబ్బలు నొప్పి పుట్టాయి, ఏడుపు మొహం పెట్టారు. పుస్తకాలు గోనెసంచుల్లో ఉన్నాయి. పాటలు మాత్రం ఇక్కడే ఉన్నాయి. ఈ స్కూల్లో ఉన్నాయి, ఆ స్కూళ్ళలో ఉన్నాయి, భర్త తనకి చెప్పకుండా దాచే ఇళ్ళలో ఉన్నాయి. ఆయన దాస్తున్నాడని ఆవిడకి ఎప్పుడో తెలుసు.

కిటికీ తెల్లగా మెరిసింది. ఆవిడకి తెలియకుండానే వేలు నేలని తట్టడం మొదలుపెట్టింది. ఒకటి. రెండు. మూడు. పద్నాలుగో తట్టుకి ఉరిమింది.

"ఏం చేస్తున్నారు టీచర్?" అంది పళ్ళూడిన పిల్ల.

"అది ఎంత దూరంలో ఉందో లెక్కపెడుతున్నాను. దగ్గరికి రండి. అందరూ రండి, కిటికీ దగ్గర ఎవరూ ఉండకండి."

పిల్లలు చుట్టూ చేరారు. తర్వాతి మెరుపుకి ముప్ఫై మంది చేతులూ నేల మీద తట్టాయి. పన్నెండు. ఆ తర్వాత తొమ్మిది.

"దగ్గరికి వస్తోంది" అన్నాడు బయటికి పోబోయినవాడు. వాడి గొంతులో ఇప్పుడు వెలుగు లేదు.

"అవును, వస్తోంది" అంది ఆవిడ. "దానికి మనం ఎవరమో తెలియదు. అది అత్తా కాదు, తాతా కాదు. నేను మీకు తప్పు పాట రాశాను. దాన్ని ఇవాళ సరిచేద్దాం."

"తప్పేం కాదు" అంది ఒక పిల్ల. "గోరింకక్క పాడేది."

"అవును. బాగా పాడేది" అంది ఆవిడ. ఏడాది తర్వాత ఆ పేరు పెట్టి ఒకరు తనతో మాట్లాడడం అదే మొదటిసారి.

ఆ పాట నేల మీద తడుతూనే కట్టింది. పియానో లేదు, కాయితం లేదు. ఒక్కో మాట పిల్లల్నే అడిగింది. మెరిస్తే ముందు ఏం చూసుకోవాలి అంటే, చెప్పులు అన్నారు. తర్వాత? చెల్లెలు. తర్వాత? గుమ్మం. తర్వాత ఏమిటంటే ఎవరికీ తోచలేదు. పళ్ళూడిన పిల్ల, "అమ్మ ఎక్కడ" అంది.

*మెరిసింది ఒకటి, చెప్పులు ఎక్కడ?*
*మెరిసింది రెండు, చెల్లెలు ఎక్కడ?*
*మూడూ నాలుగూ, గుమ్మం ఎక్కడ?*
*అయిదూ ఆరూ, అమ్మ ఎక్కడ?*

అలా ముప్ఫై దాకా. మెరుపు కనపడగానే పాట మొదలుపెట్టాలి. పాట పూర్తి కాకముందే ఉరుము వినిపిస్తే, ఎక్కడున్న మాట అక్కడ వదిలేసి ఇంట్లోకి పరిగెత్తాలి. ఆఖరి ఉరుము విన్నాక అరగంట దాకా బయటికి రాకూడదు. మధ్యలో ఆపడానికే కట్టిన పాట అది. చాలాసార్లు అది పూర్తవదని పిల్లలకి చెప్పింది. పూర్తి కాకపోయినా మంచిదేనని చెప్పింది.

అమ్మ ఎక్కడ అన్న చోట ఆవిడ ఊరికే నేల తట్టింది. పిల్లలే పాడారు.

ఆ వారమే పాత స్కూళ్ళన్నిటికీ, రేడియోకీ ఆ పాట పంపింది. కింద నాలుగు ముక్కలు రాసింది. "ముందు పాటలు నా కూతురి భయం పోగొట్టడానికి రాశాను. తొమ్మిదేళ్ళ వయసులో ఉరుముని పాటతో పలకరిస్తూ అది గ్రౌండులో నిలబడి చనిపోయింది. ఆ ఏడు పాటలూ మీ పిల్లలకి వచ్చే ఉంటాయి, నేను వెనక్కి తీసుకోలేను. అందుకని ఈ ఎనిమిదోదాన్ని వాటికి ముందు నేర్పండి." భర్త అది చదివి, 'చనిపోయింది' అన్న మాట దగ్గర వేలు పెట్టి, కాసేపు అలాగే ఉంచి, కవరు అంటించాడు.

జవాబులు వచ్చాయి. ఆటల మధ్యలో పిల్లలు వాళ్ళంతట వాళ్ళే పాడుకుంటూ లోపలికి పరిగెత్తారని ఒకరు రాశారు. ఆవిడ చదివింది. సంతోషం రాలేదు. వాళ్ళ పిల్లలు పరిగెత్తారు, తన పిల్ల పరిగెత్తలేదు, అంతే అనిపించింది. అయినా జవాబులన్నీ దాచింది.

వానాకాలం చివర్లో ఒక సాయంత్రం, స్కూలు వదిలాక, మళ్ళీ ఉరిమింది. పిల్లలు చాలామంది వెళ్ళిపోయారు. వరండా బెంచీ మీద రెండు జడల పిల్ల ఒక్కతే ఉంది. ఈ ఏడాదంతా ఆ పిల్ల పాటల టీచర్ కనిపిస్తే పక్క దారిన పోయేది. ఇప్పుడు బయటికి పోవడానికి లేదు. ఆవిడ వెళ్ళి పక్కన కూర్చుంది. ఆఖరి ఉరుము వినిపించాక వాచీ చూసుకుంది.

చాలాసేపటికి ఆ పిల్ల అంది. "టీచర్, నేను రెండుసార్లే పిలిచాను."

"ఏమిటమ్మా?"

"దాన్ని. మేడమ్‌తో చాలాసార్లు పిలిచామని చెప్పాను. రెండుసార్లే పిలిచాను. రెండోసారి అది రాకపోతే నాకు కోపం వచ్చింది. 'తడువు, నాకేం' అని లోపలికి వచ్చేశాను." గౌను అంచు వేళ్ళకి చుట్టుకుంటూ విప్పుతోంది. "మూడోసారి పిలిస్తే వచ్చేది. నేను ఏం చెప్పినా మూడోసారికి వింటుంది అది."

పాటల టీచర్‌కి తెలుసు, అది నిజమే. గోరింక ఎవరేం చెప్పినా మూడోసారికి వినేది. ఇంట్లో కూడా అంతే.

"పదేళ్ళ పిల్లవి. రెండుసార్లు పిలిచావు" అంది. "నేను ఒక్కసారి కూడా పిలవలేదు. పైన కిటికీ దగ్గరే ఉన్నాను."

ఆ పిల్ల తలెత్తి ఆవిడని చూసింది.

"నువ్వు ఈ మాట ఇంకెవరికైనా చెప్పావా?"

"లేదు."

"ఇవాళ మీ అమ్మకి చెప్పు. కావాలంటే నేను వస్తాను, నేనే చెబుతాను. ఇది ఒక్కదానివే మోయకూడదు. నేను మోశాను కాబట్టి చెబుతున్నా."

పిల్ల ఏడ్చింది. ఆవిడ జడలు రెండూ వెనక్కి వేసి, తల ఒళ్ళోకి తీసుకుంది. గోరింక తల కన్నా బరువుగా ఉంది. ఒక ఏడాది పెద్దదైంది కదా మరి.

"దానికి నొప్పి పుట్టిందా టీచర్?"

"లేదని డాక్టరుగారు చెప్పారు."

"మీరు నమ్మారా?"

"కొన్ని రోజులు నమ్ముతాను. కొన్ని రోజులు నమ్మలేను."

పిల్ల తలూపింది. ఆ జవాబు దానికి సరిపోయినట్టే ఉంది. ఏడుపు నెమ్మదిగా తగ్గి వెక్కిళ్ళయింది. వాన సన్నబడింది. పడమట కొంచెం వెలుగు వచ్చింది.

"ఇంక వెళ్ళొచ్చా?"

ఆవిడ వాచీ చూసింది. "ఇంకో రెండు నిమిషాలు."

ఇద్దరూ కూర్చున్నారు. రెండు నిమిషాలూ అయ్యాక లేచి, చెయ్యి పట్టుకుని, గ్రౌండుకి అడ్డంగా కాకుండా గోడ పక్క దారినే గేటు వైపు నడిచారు.